బావగారి షెడ్డులో గాలి

మా బావగారు, అంటే మావారి అన్నగారు, పోయిన నెల గుంటూరు ఆస్పత్రిలో కన్నుమూశారు. పొద్దున గుండెనొప్పి అన్నారు, మధ్యాహ్నానికి లేరు. డాక్టరుగారు బయటికొచ్చి చెబుతుంటే నా నోట వచ్చిన మొదటి మాట, "ఊపిరితిత్తుల్లో ఏమైనా ఉందాండీ?" అని. లేదన్నారాయన. మావారు నావైపు వింతగా చూశారు. అలా ఎందుకడిగానో మీకైనా చెప్పుకోవాలి.

ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ప్రత్తిపాడులో మా ఇంటి వెనక షెడ్డులో ఆయన విమానం కట్టడం మొదలుపెట్టారు. బొమ్మ కాదు, ఇద్దరు కూర్చునేది. నవ్వినవాళ్లతో "ఎగరకపోతే నీడకైనా పనికొస్తుందిలేరా" అనేవారు. రెక్క మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, రెసిన్ అనే జిగురు పూసి, ఆరాక సాండ్‌పేపరుతో రుద్దేవారు. పూసేటప్పుడు ఘాటు, రుద్దేటప్పుడు తెల్లటి పొడి. మాస్కు లేకుండా ఎవర్నీ లోపలికి రానిచ్చేవారు కాదు. షెడ్డు చొక్కా షెడ్డులోనే విప్పేవారు. నేను చీపురు తెస్తే ఆపి, తడిగుడ్డ అందుకునేవారు.

"దుమ్ము ఊడిస్తే పోదమ్మా, చోటు మారుతుందంతే."

ఒక ఫిబ్రవరిలో మా పాపకి దగ్గు పట్టుకుంది. మందులు వాడినా తగ్గలేదు. షెడ్డు గుమ్మం దగ్గరికెళ్లి, "బావగారూ, ఏమీ అనుకోకండి. మీ రెసిన్ వాసన వంటింట్లోకి వస్తోంది. పిల్ల దగ్గలేక చస్తోంది" అన్నాను.

ఆయన మాస్కు తీశారు. "వాసన వస్తోందా? నాకు తెలియట్లేదే" అన్నారు. మళ్లీ తనే, "తెలియట్లేదంటే గాలి బాగుందని కాదులే. ముక్కు అలవాటు పడిందని" అన్నారు.

ఆ వారమే ఇంటివైపు తలుపు మూసి సందుల్లో గుడ్డలు కుక్కారు. పొలాలవైపు గోడలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించారు. దాంతో ఆగినా బాగుండేది. ఫ్యాను బయట ఒక దారప్పోగు కట్టి, పొద్దున్నే దాన్ని చూసేవారు. అది మా ఇంటివైపు ఊగితే ఆ రోజు రెసిన్ డబ్బా మూత తీసేవారు కాదు. వానాకాలం చెమ్మకి ఎలాగూ ఆ పని సాగదు. మిగతా రోజుల్లో సగం ఇలా పోయాయి.

తర్వాత పిల్లల డాక్టరు దగ్గరికి వెళితే, "ఇంట్లో మిరపకాయలకి తొడిమలు తీస్తారా?" అని అడిగారు. తీస్తాం. హాల్లోనే, ఫ్యాను కింద, పాపని పక్కన కూర్చోబెట్టుకుని. ఆ పని చేలోకి మార్చాం. దగ్గు తగ్గిపోయింది.

నేనేమీ దాచలేదు. బావగారు అన్నం తింటుంటే చెప్పాను.

"పోన్లే, పిల్లకి తగ్గింది కదా. ఫ్యాను నాకూ మంచిదే" అన్నారు.

"ఇక పోగు చూడక్కర్లేదు, మీ పని మీరు చేసుకోండి బావగారూ" అని అప్పుడు అనాల్సింది. అనలేదు. వంటింట్లో ఆ ఘాటు లేకపోవడం నాకు హాయిగా ఉంది. ఆయన అడగలేదు, నేను కదపలేదు. గాలి ఇటు తిరిగిన పొద్దుల్లో ఆయన షెడ్డు అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చునేవారు. నేనే కాఫీ ఇచ్చి వచ్చేదాన్ని. ఏళ్లు గడిచాయి. ఒక రెక్క పూర్తయింది. రెండోది చట్రం దగ్గరే ఆగింది.

"అన్నయ్య సంగతి తెలుసుగా, నువ్వనకపోయినా అంతే చేసేవాడు" అంటారు మావారు. కావచ్చు. ఆ మాట విన్నాక కూడా కాఫీ కలుపుతుంటే నా చెయ్యి ఆగిపోతోంది. ఆస్పత్రిలో ఆ ప్రశ్న అందుకే: ఊపిరితిత్తుల్లో ఏదైనా ఉందంటే, ఆ పని ఆగడం ఆయనకి మంచిదే అయిందనుకునేదాన్ని.

మొన్న, పూర్తయిన రెక్కని చీరాల దగ్గర ఒక కాలేజీకి ఇచ్చాం, పిల్లలు చూసి నేర్చుకుంటారని. ట్రాక్టరు మా సందులో పట్టక రోడ్డు మీదే ఆగింది. మావారు, ఎదిగిన మా పాప, పక్కింటివాళ్లిద్దరు, నేను కలిసి చేతుల మీద మోసుకెళ్లాం. రోడ్డెక్కేసరికి మిరపచేల మీంచి ఒక్కసారిగా గాలి కొట్టింది. రెక్క ముందు అంచు పైకి లేచింది. చేతుల్లో బరువే లేకుండా పోయింది.

"గట్టిగా పట్టుకోండి" అన్నారు మావారు.

అది పైకి పోతానంటోంది. మేం ఐదుగురం దాన్ని కిందికి పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడ్డాం.