కాదనే సంతకం

కరోనా అణిగిన మరుసటి ఏడాది. మెదక్‌లో నేను స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేయడం మొదలుపెట్టి అప్పటికే పదేళ్లు దాటింది. బస్టాండుకు కొంచెం ఇవతల, ఒక మందుల షాపు పైన రెండు గదులు మా ఆఫీసు. బోర్డు మీద పేరు మా సార్‌ది. లోపల ఒక పెద్ద బల్ల, రెండు కంప్యూటర్లు, గోడకు చుట్టలు చుట్టి ఆనించిన పాత డ్రాయింగులు.

స్ట్రక్చరల్ ఇంజనీరు అంటే ఏం చేస్తారని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. ప్లాను గీసేవాళ్లు గది ఎక్కడ, వాకిలి ఎక్కడ అని చెప్తారు. ఆ గదుల బరువు స్లాబు నుంచి బీముకు, బీము నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి పునాదికి ఎట్లా దిగాలో మేం లెక్క కడతాం. ఆ లెక్క కట్టడానికి బీటెక్ చాలు. కానీ ‘ఈ కట్టడం నిలబడుతుంది, దీని బాధ్యత నాది’ అని సంతకం పెట్టాలంటే ప్రొఫెషనల్ ఇంజనీరుగా రిజిస్ట్రేషన్ కావాలి. చేసిన పనుల గురించి వివరంగా రాసి పంపాలి. మన పని ఎరిగిన సీనియర్లు మన గురించి చెప్పాలి. హైదరాబాదుకు పోయి ఇంటర్వ్యూలో కూర్చోవాలి. మా ఆఫీసులో అది సార్ ఒక్కరికే ఉంది. లెక్కలు నేను కట్టేదాన్ని, సార్ ఎర్ర పెన్సిలు పట్టుకుని ప్రతి షీటూ చూసి సంతకం పెట్టేవారు.

మా అమ్మగారి ఊరు పాపన్నపేట మండలంలో ఉంది. అక్కడికి పోయినప్పుడల్లా బస్సు కిటికీ పక్కన కూర్చునేదాన్ని. దారిలో నేను లెక్క కట్టిన ఫంక్షన్ హాలు వచ్చేది, తర్వాత ఒక బడి, ఇంకొంచెం దూరం పోతే ఒక రైసుమిల్లు. ఫంక్షన్ హాలు ముందర పెళ్లికార్లు ఆగి ఉంటే మెడ తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూసేదాన్ని. నడుమ ఒక్క పిల్లరు కూడా లేకుండా అంత పెద్ద స్లాబు నిలబెట్టింది నేనని పక్క సీట్లో ఆమెకు చెప్పాలనిపించేది. కానీ ఎప్పుడూ చెప్పలేదు. డ్రాయింగు కింది మూలలో, ‘డిజైన్’ అన్న చోట నా పేరు ఉంటే ఎట్లుంటుందో ఊహించుకుంటూ దిగాల్సిన ఊరు దాకా వచ్చేదాన్ని.

మరి దరఖాస్తు ఎందుకు పెట్టుకోలేదు? సార్ ఏటా అడిగేవారు. “వచ్చే ఏడు పెడ్త సార్” అనేదాన్ని. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత పాలిటెక్నిక్, ఆ మీద బీటెక్. ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో అడిగితే నోరు పెగులుతుందో లేదోనని బెరుకు. అది పైకి చెప్పుకునే కారణం. లోపలిది వేరే. సంతకం పెట్టాక ఆ కట్టడం నా తల మీదే ఉంటుంది. సార్ చూస్తారులే అనే ధీమా ఉండదు. ఆ ధైర్యం వచ్చినాక పెట్టుకుందామని చూస్తూ కూర్చున్నాను.

ఆ ఎండాకాలం సార్‌కు గుండె ఆపరేషన్ అయింది. హైదరాబాదులో తమ్ముడింట్లో ఉండిపోయారు. మెట్లెక్కొద్దు, ఎండలో తిరగొద్దు అన్నారు డాక్టర్లు. సరిగ్గా అప్పుడే లక్ష్మారెడ్డి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు.

ఆయనది కుల్చారం. పొలం తమ్ముడికి వదిలి మెదక్‌లో విత్తనాలు, ఎరువుల షాపు పెట్టుకున్నాడు. కింద షాపు, పైన ఇల్లు. కూతురు స్వప్న పళ్ల డాక్టరు. అత్తగారి ఊళ్లో ఒక కిరాయి షట్టర్‌లో దవాఖాన నడుపుతోంది. ఆ షట్టర్ ఓనరు ఖాళీ చేయమంటున్నాడు.

“ఇంటి మీద ఇంకో రెండంతస్తులు ఎయ్యాలె బిడ్డా. ఒకదాంట్ల దవాఖాన, ఒకదాంట్ల బిడ్డ, అల్లుడు ఉంటరు. ఆమె అత్తగారిల్లు దూరమాయె. ఇన్నేండ్లు పండుగకో పబ్బానికో తప్ప మొకం చూడలె. పొద్దుగాల లేస్తె మీద నుంచి దాని అడుగుల సప్పుడు ఇనబడితె చాలు నాకు” అన్నాడు.

ఆ మాట విన్నాక ఎట్లాగైనా ఆ ఇల్లు నిలబెట్టాలనిపించింది నాకు.

మరునాడు పోయి చూశాను. మొదట ట్రయల్ పిట్ తవ్వించాను. అంటే పిల్లరు పక్కన మట్టి తీసి, పునాది ఎంత లోతుందో, ఎంత వెడల్పుందో చూడటం. నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే మట్టి. పునాది గట్టినేల దాకా పోలేదు, మధ్యలోనే ఆగింది. తర్వాత రీబౌండ్ హ్యామర్ తెచ్చాను. అది స్ప్రింగు ఉన్న గొట్టంలాంటి పరికరం. కాంక్రీటుకు ఆనించి నొక్కితే అది వెనక్కి తన్నే తీరును బట్టి గట్టితనం అంచనాకొస్తుంది. కొన్ని పిల్లర్లు మంచిగానే ఉన్నాయి. మెట్ల కింది పిల్లరు దగ్గర మాత్రం దెబ్బ మెత్తగా వచ్చింది. పైపూత చెక్కించి చూస్తే లోపలి ఇనుప సలాకలు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలాయి.

“కాకా, ఇది ఇప్పుడున్న బరువే ఓపిక మీద మోస్తున్నది. ఇంకో రెండంతస్తులు మోయలేదు” అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. “కట్టిన మేస్త్రి అప్పుడే చెప్పిండు గదమ్మా, ఇంకా ఎత్తుకోవచ్చని.”

“అప్పుడు ఆయన చూసింది పైన. మనం ఇప్పుడు భూమిల చూసినం.”

ఆయన షాపులోకి పోయి కూర్చున్నాడు. ఆ సాయంత్రం సార్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. విని, “నువ్వు చూసినవ్, నేను చూడలె. ఇగ నేనేం చెప్తా? నువ్వు కాదంటె కాదనే” అన్నారు.

పది, పదిహేను రోజులకు లక్ష్మారెడ్డి మళ్లీ వచ్చాడు, వెంట స్వప్న కూడా ఉంది. ఎక్కడో వేరే ఊళ్లో ఉన్న ఒక ఇంజనీరును పట్టుకున్నాడట. ఆయన మెదక్‌కు రాలేదు, పిట్ తవ్వలేదు, పిల్లరు ముట్టలేదు. ఫోన్లో ప్లాను చూసి, రెండంతస్తులకు సై అన్నాడు. సర్టిఫికెట్ కూడా ఇస్తానన్నాడు.

“నాకు ఏం సమజైతలేదు బిడ్డా. ఆయన అయితదంటున్నడు, నువ్వు కాదంటున్నవ్. ఎవరి మాట పట్టుకోవాలె? ఆయనకైతె లైసెన్సున్నది. మరి నీకు?”

ఎగతాళిగా అడిగిన మాట కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. “లేదు కాకా” అన్నాను.

చెక్కిన పిల్లరు ఫొటోలు బల్ల మీద పరిచి ఉంటే స్వప్న ఒక్కొక్కటే తీసి చూస్తోంది. తలెత్తి, “అక్కా, రిజిస్ట్రేషన్ లేకుంట నేను ఒక్క పన్ను పీకినా కేసైతది. మీరు ఇంత లోపలికి పోయి చూసిండ్రు. మీకెందుకు లేదు?” అంది.

“పెట్టుకోలె.”

“ఎందుకు?”

“భయమైంది” అన్నాను. వేరే మాట రాలేదు. అంతవరకు ఎవరితోనూ అనని మాట అది, మా ఆయనతో కూడా.

స్వప్న ఫొటోలు సర్ది నా వైపు జరిపింది. “భయపడ్డోళ్లు గుంత తవ్వి చూసిండ్రు. భయం లేనాయన ఫోన్ల చూసి సై అన్నడు” అని, తండ్రి వైపు తిరిగి, “నాయినా, పేషెంట్లను పండబెట్టి నోరు తెరిపించేది నేను. మీద ఏముందో, కింద ఏముందో తెల్వకుంట నేనాడ కుర్చీ ఎయ్య. అక్కకు రిజిస్ట్రేషన్ వచ్చేదాక ఆగుదాం. అప్పుడు ఆమె చెప్పినట్టే చేద్దాం” అంది.

“గట్లెట్ల? షట్టర్ ఖాళీ చెయ్యాల్నాయె!”

“ఇంకోటి కిరాయికి చూస్త.”

వాళ్లు పోయాక ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చున్నాను. అన్నేళ్లూ నేను సంతకాన్ని ‘అవును’ అనే హక్కుగానే చూశాను. అంత పెద్ద అవును నేను అనగలనా అని వెనక్కి తగ్గాను. సంతకం లేకపోతే ‘కాదు’ అనే హక్కు కూడా ఉండదని నాకు అప్పటిదాకా తట్టలేదు. నేను కాదన్న మాట గాలికి పోయేదే. స్వప్న కాక వేరేవాళ్లెవరైనా ఉంటే ఆ పిల్లరు మీద రెండంతస్తులు లేచేవి.

ఆ వారమే దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను. ఏ పనిలో ఏ నిర్ణయం తీసుకున్నామో, ఎందుకు తీసుకున్నామో అందులో చెప్పాలి. రాసినవన్నీ సార్‌కు పంపాను. మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ చేశారు.

“కవితా, ఇదేంది? ప్రతి లైన్ల ‘మేం చేసినం’, ‘మా ఆఫీసు చేసింది’ అని రాసినవ్. ఆ ఫంక్షన్ హాలుకు గా బీము లెక్క ఎవరు కట్టిండ్రు?”

“నేనే సార్.”

“రైసుమిల్లు పునాది మార్చాలన్నది ఎవరు?”

“నేనే.”

“అయితె ‘నేను’ అని రాయి. నాకేం తక్కువ కాదు.”

‘మేం’ ఉన్న చోటల్లా ‘నేను’ పెట్టుకుంటూ పోతుంటే కళ్లు మసకబారాయి. అన్నేళ్లు బస్సులోంచి చూసినవన్నీ ఒక్కొక్కటిగా నా దగ్గరికి వస్తున్నట్టు అనిపించింది.

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చున్నారు. నేను ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. నల్లరేగడి దగ్గరికొచ్చేసరికి మాట తడబడింది. నడుమ కూర్చున్నాయన, “తెలుగులో చెప్పమ్మా, మట్టికి భాష లేదు” అన్నాడు. ఇక ఆగలేదు. ట్రయల్ పిట్ గురించి, తుప్పు సలాకల గురించి చెప్పాను. అంతా విని, “ఇంత అనుభవం ఉండి ఇన్నేళ్లు ఎందుకు రాలేదు?” అని అడిగాడు. ధైర్యం వచ్చేదాకా ఆగానన్నాను. “వచ్చిందా?” అన్నాడు. రాలేదన్నాను. ముగ్గురూ నవ్వారు. ఇంటర్వ్యూ పోయిందనుకుని ఇంటికొచ్చాను. కొన్ని వారాల తర్వాత రిజిస్ట్రేషన్ వచ్చింది.

లక్ష్మారెడ్డి బిడ్డ మాట విని అప్పటిదాకా ఆగాడు. కానీ నా జవాబు మారలేదు. రెండంతస్తులు కుదరవనే చెప్పాను. పునాదులు వెడల్పు చేసి, పిల్లర్లకు జాకెటింగ్ చేస్తే, అంటే పాత పిల్లరు చుట్టూ కొత్త సలాకలు కట్టి కొత్త కాంక్రీటు పోస్తే, ఒక్క అంతస్తు నిలబడుతుంది. దవాఖాన వేసుకోవాలా, బిడ్డను పైన ఉంచుకోవాలా, ఏదో ఒకటే.

“దవాఖానే కానియ్యి” అన్నాడు లక్ష్మారెడ్డి చివరకు. “పగలంతనన్న మీద తిరుగుతది గదా.”

స్వప్న పక్క వీధిలో ఇల్లు కిరాయికి తీసుకుంది. ఇప్పుడు ఆ దవాఖాన నడుస్తోంది. ఇంట్లో కూర్చుని నాతో మాట్లాడుతున్నప్పుడు లక్ష్మారెడ్డి ఒక్కోసారి మాట ఆపి పైకి చెవి పెడతాడు. ఆయన కోరుకున్నది పూర్తిగా ఇవ్వలేకపోయానని నాకు అప్పుడు గుబులవుతుంది. అయినా ఆ ‘కాదు’ను వెనక్కి తీసుకోను.

ఆ దవాఖాన డ్రాయింగు మీద మొదటిసారి సంతకం పెట్టిన రోజు చెయ్యి వణికింది. సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. “మంచిది. వణకకుంట పెట్టేటోళ్లు మనకు వద్దు” అన్నారు. ఆయన మళ్లీ ఆఫీసుకు రాలేదు. ఆ మరుసటి చలికాలంలో పోయారు.

ఈ మధ్య కొత్తగా చదువు ముగించిన అమ్మాయిలు అడుగుతుంటారు, రిజిస్ట్రేషన్‌కు ఎప్పుడు పెట్టుకోవాలని. అనుభవం నిండగానే పెట్టుకోండి, ధైర్యం కోసం ఆగొద్దు అని చెప్తాను. భయం పోదు. అది పనిలో భాగం. గుంత తవ్వించేది, పిల్లరు చెక్కించేది అదే. నేను ఆగిన ఏళ్లలో కాదనాల్సిన చోట కాదనలేక ఎన్ని మాటలు మింగానో నాకే తెలుసు.

డ్రాయింగు కింది మూలలో ఇప్పుడు నా పేరే ఉంటుంది. ఎంత కోరుకున్నానో అంతా దొరికింది. అయినా సంతకం పెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాను. నా లెక్కల మీద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, “ఇది మళ్లొకసారి చూడు కవితా” అనే మనిషి కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఎవరూ రారు. మళ్లొకసారి నేనే చూస్తాను.