బొట్టుబిళ్ళ చోటు

ఆ రోజు గుడివాడ నుంచి బందరు వెళ్ళే బస్సులో ఫోన్లో మా టీముతో మాట్లాడుతున్నాను. వేటకు వెళ్ళే బోట్లవాళ్ళకు గాలివాన కబురు చెప్పే యాప్ మాది. దానికి ప్రొడక్ట్ మేనేజర్ని నేను. "కొంచెం కొంచెంగా మార్చుకుంటూ పోయే ఎజైల్ పద్ధతితో ఉన్న సుఖమే అది. బటన్ చోటు నచ్చకపోతే రెండు వారాల్లో మళ్ళీ మార్చేద్దాం" అన్నాను నవ్వుతూ.

ఫోన్ పెట్టేశాక, నా మాటలన్నీ విన్న పక్కసీటులో ఆవిడ తన ఫోన్ నా ముందుకు చాపింది. తెర మీద మా యాపే ఉంది. తెర అంచున ఎర్రటి బొట్టుబిళ్ళ అంటించి ఉంది.

"మాది బందరు పక్కన గిలకలదిండండీ. మా ఆయనకి చదువు రాదు. ఈ బిళ్ళ పక్కన నొక్కితే గాలి సంగతి చెప్పుద్దని నేర్పాను. మొన్న మీ బటన్ పైకెళ్ళిపోయింది. ఆయన బిళ్ళ దగ్గరే నొక్కి, ఏమీ చెప్పలేదు కదా అని బోటెక్కేశాడు."

"తిరిగొచ్చారా అండీ?"

"వచ్చాడు. పక్క బోటువాళ్ళు లాక్కొచ్చారు."

ఆవిడ గోటితో ఆ బిళ్ళను ఊడదీసింది.

"ఇప్పుడెక్కడ అంటించమంటారండీ?"

సోమవారం యాప్‌లోకి వెళ్ళే మార్పులో ఆ బటన్ మళ్ళీ చోటు మారబోతోంది. బందరులో దిగేదాకా ఆ బిళ్ళ ఆవిడ వేలికొన మీదే ఉంది.