చెవి డాక్టరు కోసం ఒక ప్రార్థన మనవి

1984 చలికాలంలో నన్ను డెట్రాయిట్ పక్కనున్న ఒక కౌంటీ కార్యాలయంలో ఫోస్టర్ కేర్ విభాగానికి మార్చారు. నా హోదా కేస్‌వర్కర్. కన్నవాళ్ల దగ్గర క్షేమం లేదని కోర్టు తేల్చిన పిల్లలను వేరే కుటుంబాల్లో ఉంచి, వాళ్ల తిండి, బడి, జబ్బు కనిపెట్టుకుని ఉండటం మా పని. గుంటూరులో పాఠాలు చెప్పుకున్నదాన్ని, మంచులో కారు నడుపుతూ ఇంటింటికీ తిరిగేదాన్ని.

ఈ పిల్లలందరికీ మెడికెయిడ్ కార్డు ఉండేది. వైద్యం ఖర్చు ప్రభుత్వానిదే. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఆ కార్డు తీసుకునే డాక్టరు దొరకడమే గగనం. ప్రభుత్వం ఇచ్చేది తక్కువ, అదీ ఆలస్యంగా, పైగా బోలెడు కాగితాలు. పిల్లల డాక్టరు ఎలాగో దొరికేవాడు. చెవికీ పంటికీ వచ్చేసరికి మాత్రం పెళ్లి సంబంధాలు వెతుకుతున్నట్టే ఉండేది. అన్నీ కుదిరాక కార్డు సంగతి చెబితే చాలు, జాతకాలు కలవలేదన్నట్టు ఫోన్ పెట్టేసేవారు.

నాకు అప్పగించిన పిల్లల్లో ఆరేళ్ల పాప ఒకతి ఉండేది. డెనీస్ అంటాను, అసలు పేరు కాదు. మొద్దు అని బడిలో ముద్ర వేశారు. మార్చిలో మీటింగ్ పెట్టి, మందబుద్ధి పిల్లల తరగతికి పంపాలని చూస్తున్నారు. ఒకసారి ఆ తరగతిలో పడితే బయటికి రావడం ఎంత కష్టమో మాకు తెలుసు.

పాప పెంపుడు తల్లి మిసెస్ వాకర్ ఇంటికి వెళ్లి, వంటింట్లో కూర్చుని ఉండగా నేనొకటి గమనించాను. ఎదురుగా నిలబడి అడిగితే పాప టకటకా జవాబు చెబుతోంది. వెనక నుంచి అడిగితే ఉలకదు, పలకదు. పిల్లల డాక్టరు చూసి, కర్ణభేరి వెనక నీరు చేరినట్టుంది, చెవి స్పెషలిస్టుకి చూపించమని రాసిచ్చాడు. ఇక నా వేట మొదలైంది. కౌంటీ నాలుగు మూలలా ఫోన్లు చేశాను. ఒకరు జూన్ అన్నారు, చాలామంది కుదరదన్నారు. ఒళ్లు మండిపోయేది.

అద్దె హాల్లో ఆదివారం సాయంత్రాలు కూడుకునే మా తెలుగు క్రైస్తవ సంఘంలో డాక్టర్ ప్రభుదాస్ గారని చెవి డాక్టరు ఉండేవారు. ఆయన క్లినిక్‌కీ ఫోన్ చేశాను. రిసెప్షన్‌లో ఉండే కార్లా తియ్యగా మాట్లాడి, ఆ కార్డు మేం తీసుకోవడం లేదని చెప్పేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మా సంఘంలో అనకూడదేమో గానీ, ఆ రోజు మనసులో అదే అనుకున్నాను. సంఘంలో పరిచయాన్ని ఉద్యోగానికి వాడుకోవడం నాకిష్టం లేదు. పైగా మా వద్ద ఉన్న పిల్లల వివరాలు బయట చెప్పకూడదు.

కానీ మా సంఘంలో ప్రార్థన మనవులు చెప్పే వేళ ఒకటుంది. ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి పైకి చెప్పాలి, అందరూ కలిసి ప్రార్థిస్తారు. వీసాలు, ఉద్యోగాలు, కాన్పులు అన్నీ అక్కడికే వచ్చేవి. ఆ ఆదివారం నేనూ లేచి, పేరు చెప్పకుండా, ఒక పాపకి చెవి డాక్టరు కావాలి, ప్రభుత్వ కార్డు అంటే ఎవరూ ఒప్పుకోవడం లేదన్నాను. ప్రార్థన చేయాల్సింది పెద్దావిడ సువార్తమ్మ గారు. ఆవిడ మొదలుపెడితే దేవుడికి తెలియని సంగతంటూ మిగలదు.

“ప్రేమగల తండ్రీ, ఆ బిడ్డకి గవర్నమెంట్ కార్డుందంట, తీసుకునేవాళ్లు లేరంట. ఈ హాల్లోనే కూర్చున్న ఏ డాక్టరు మనసైనా నువ్వే తాకు నాయనా!”

హాల్లో ఉన్న చెవి డాక్టరు ఒక్కరే. కళ్లు మూసుకునే ఉన్నా అందరి ముఖాలూ అటే తిరిగాయని నా అనుమానం. “ఆమెన్” మాత్రం ఎన్నడూ లేనంత గట్టిగా వినిపించింది. నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

భోజనాల దగ్గర ప్రభుదాస్ గారు ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

“ఏంటండీ మేరీ గారూ, నాకే ఫోన్ చేయొచ్చు కదా, డైరెక్ట్‌గా దేవుడికే కంప్లైంట్ చేశారు!”

“మీ ఆఫీస్‌కి కాల్ చేశానండీ. కార్లా కుదరదంది.”

ఆయన కాసేపు పులిహోర కెలికారు. “కార్లాని ఏమీ అనకండి. ఆ రూల్ నాదే. ప్రాక్టీస్ పెట్టినప్పుడు పెట్టాను,” అన్నారు. తరవాత, “సువార్తమ్మ గారి ప్రార్థనకి నేనూ ఆమెన్ అన్నాను కదండీ. అన్నాక ఏం చేస్తాను? మంగళవారం తీసుకురండి,” అన్నారు.

పరీక్షలో రెండు చెవుల్లోనూ నీరు తేలింది. అది బయటికి పోయేందుకు కర్ణభేరిలో సన్నని గొట్టాలు అమర్చాలి. మత్తిచ్చి చేసే పనికి పెంపుడు తల్లి సంతకం చెల్లదు, కన్నతల్లి జాడ లేదు. అందుకని జడ్జిగారి ఉత్తర్వు తెచ్చాను. డాక్టరు ఎలా దొరికాడని మా సూపర్‌వైజర్ అడిగితే సంఘంలో దొరికాడన్నాను. ఎక్కువ వివరం అడగనని ఆవిడ నవ్వేసింది.

ఆపరేషనయ్యాక ఇంటికి తీసుకువస్తుంటే డెనీస్ వెనక సీట్లోంచి, “నీ కారు ఇంత గోల చేస్తుందేంటి?” అంది. నాకు కళ్లు చెమర్చాయి. అంతవరకు ఆ పిల్ల నా కారు చప్పుడే వినలేదు. మార్చి మీటింగ్‌లో డాక్టరు నివేదిక చదివాక తరగతి మార్చే మాట ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచి, ఏ పిల్లనైనా మొద్దు అని బడి వాళ్లంటే, ముందు చెవి పరీక్ష చేయించనిదే మీటింగ్‌కి ఒప్పుకోలేదు. డాక్టర్ల కోసం ఫోన్ మీద ఆధారపడటమూ మానేశాను. రూల్ పెట్టినవాళ్ల ఎదుటికే వెళ్లి అడిగేదాన్ని. ఫోన్‌లో కార్డుకి కుదరదనడం తేలిక. ఎదురుగా నిలబడి పిల్ల సంగతి చెబితే, కాదనడానికి వాళ్లే మాటలు వెతుక్కోవలసి వచ్చేది.