మట్టి కనవడొద్దు

బ్రేకు తొక్కినప్పుడల్లా పెడలు మా అన్న కాలిని ఎగదన్నుతోంది, కారు ఊగుతూ ఆగుతోంది, వెనక సీట్లో దొర తిడుతూనే ఉన్నాడు. బజారు సామాను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో నేను.

"నీ కాలే మొరటుది. మళ్ల గిట్ల కొట్టుకుంటే పనిల కెల్లి తీసేస్త," అన్నాడు.

నక్సలైట్లకు జడిసి జగిత్యాలకు మారిన దొర. గొల్లపల్లి దగ్గరి తన పొలానికే దొంగలా వెళ్లొచ్చేవాడు. వస్తూనే నన్ను పిలిచి, "మట్టి కనవడొద్దు," అనేవాడు. చక్రాల ఎర్రమట్టి కడిగిస్తే ఊరికి పోయిన సంగతి ఎవరికీ తెలియదట. ఇంత పిరికివాడికి ఇంటి దగ్గర తన ఎదుట పనివాళ్లెవరైనా కూర్చుంటే మాత్రం ఒళ్లు మండేది.

కోరుట్ల రోడ్డు షెడ్డులో మెకానిక్ చక్రం విప్పి లోపలి బ్రేకు డ్రమ్ము తిప్పి చూశాడు.

"కాగినదాని మీద సన్నీళ్లు వోసిండ్రా? వంకరవోయింది. లేతు మిషను మీద సాపు జెయ్యాలె."

దొర నావైపు చెయ్యి చూపించాడు. "గీ పోరి వోసింది. నాకేం ఎరుక?"

"ఎవలు వోసినా, సల్లారినంకనే కడుగుండ్రి దొరా."

సాయంత్రానికి బ్రేకు బాగైంది.

మర్నాడు దొర తెల్లారకముందే ఊరికి పోయి, పొద్దెక్కేసరికి తిరిగొచ్చాడు. దిగుతూనే అదే మాట: "మట్టి కనవడొద్దు. జల్ది."

చక్రం దగ్గర చెయ్యి పెట్టాను. సెగ. అన్న నా మొహమే చూస్తున్నాడు. గేటు బార్లా తెరిచి ఉంది, చక్రాల ఎర్రమట్టి రోడ్డు మీదికి కనిపిస్తోంది. నీళ్లు మొక్కలకు పోసి, బకెట్టు బోర్లించి, దొర ఎదురుగా దానిమీద కూర్చున్నాను.

"సల్లారనియ్యుండ్రి దొరా," అన్నాను.