నాయనమ్మ ప్రార్థనలో పడ్డవాళ్లు

ఆ సంఘంలో పాపానికి భయపడేవాళ్లు ఎందరో తెలియదు గానీ, నాయనమ్మ ప్రార్థనకు భయపడనివాళ్లు మాత్రం లేరు. బుధవారం సాయంత్రం కూడికలో పాస్టరుగారు ఎవరైనా ప్రార్థన చేయవచ్చు అనగానే రెండో వరుస బల్ల మీద నుంచి ఆమె లేచేది. కూర్చున్నా నించున్నా ఎత్తులో పెద్ద తేడా ఉండేది కాదు. కళ్లజోడు తీసి కొంగున ముడివేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని “ప్రభువా” అనేది. జనమంతా తలలు వంచేవారు. కొందరు భక్తితో, మిగతావాళ్లు ఈ వారం ఎవరి వంతోనన్న బెంగతో.

అంత పెద్ద గొంతు ఊరికే రాలేదు. ఆసుపత్రి దుప్పట్ల గదిలో ఆమె ముప్పై నాలుగేళ్లు కుట్టు మిషను తొక్కింది. చిరిగిన దుప్పట్లకు మాసికలు వేయడం, దిండు గలీబులకు అంచులు కుట్టడం, డాక్టర్ల కోట్లకు ఊడిన గుండీలు పెట్టడం ఆమె పని. మూడు మిషన్లు ఒక్కసారిగా నడిచే ఆ గదిలో మాట వినపడాలంటే అరవాల్సిందే. ఆ అలవాటు దేవుడి దగ్గర కూడా పోలేదు.

ఆయాలు దుప్పట్ల మూటలతో పాటు కబుర్లు కూడా తెచ్చేవారు. ఎవరికి ఆపరేషను, ఎవరికి జ్వరం తగ్గలేదు, ఎవరిని చూడ్డానికి కన్నకొడుకు కూడా రాలేదు, అన్నీ ఆమె చెవిన పడేవి. బుధవారం దాకా మనసులో దాచుకుని, చిరునామాతో సహా దేవుడికి అప్పజెప్పేది. “మూడో వార్డు, ప్రభువా. తలుపు నుంచి నాలుగో మంచం. మొన్న మార్చారు, ఐదోది కాదు.” రక్షకుడు పొరపాటున పక్క మంచం వాళ్లను బాగుచేసి వెళ్లిపోతాడేమోనని ఆమెకు నిజంగానే అనుమానం.

అమ్మా నాన్నా ఇద్దరూ ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్లేవాళ్లు కాబట్టి మనవరాలు నాయనమ్మ దగ్గరే పెరిగింది, బుధవారాలు ఆ బల్ల మీదే పక్కన కూర్చుని. వంటింటి కొళాయి విప్పేసి ఇప్పుడే వస్తానని వెళ్లిన ప్లంబరు పది రోజులైనా జాడ లేకపోతే, నాయనమ్మ అతని మతిమరుపు స్వస్థపడాలని ప్రార్థించడం ఆ పిల్ల చెవులారా విన్నది. “ఇంటి దారి కూడా మరిచిపోయి ఉంటాడు, ప్రభువా. పాల డిపో వెనక సందు, పచ్చ గేటు.” ప్లంబరు భార్య వెనక వరుసలోనే ఉంది. మర్నాడు తెల్లవారుతూనే ప్లంబరు సంచీతో గేటు దగ్గర నించున్నాడు.

ఈ ధోరణి ఎక్కడిదాకా పోతుందోనని పాస్టరుగారు ఒకసారి ఆమెను పక్కకు పిలిచి, ప్రార్థన కాస్త క్లుప్తంగా ఉంటే బాగుంటుందని మెత్తగా చెప్పారు. ఆమె సరేనంది. తరువాతి బుధవారం లేచి, “ప్రభువా, మా పాస్టరుగారికి క్లుప్తత మీద ప్రేమ పుట్టింది, నీకు స్తోత్రం. ఆ ప్రేమ ఆదివారం ప్రసంగం దాకా పాకేలా చెయ్యి” అని కూర్చుంది. అంత పెద్ద ఆమెన్ ఆ గోడలు అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

అందరికంటే ఎక్కువగా ఆ ప్రార్థనల్లో నలిగినవాడు తాతయ్య. బజారులో తలుపంత వెడల్పున్న కొట్లో కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని వాచీలు బాగుచేసేవాడు. గుడి గుమ్మం తొక్కేవాడు కాదు. అడిగితే, మీ నాయనమ్మ నా వంతు కూడా వెళ్తోందిగా అనేవాడు. వెళ్తున్న మాట నిజమే. ఊరందరి గడియారాలూ సరిచేసే మనిషి భోజనానికి మాత్రం వేళకు రాడని, తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడని, రాత్రంతా గురక పెట్టి పొద్దున్నే తనకసలు నిద్రే పట్టలేదని బుకాయిస్తాడని ఆమె వారం వారం విన్నవించేది. చివరికి ఒక రోజు సంఘ పెద్ద ఒకాయన గోడ గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చి, నలుగురిలో, “మలబద్ధకం నెమ్మదించిందా? మేమంతా ప్రార్థిస్తున్నాం” అని పరామర్శించాడు.

ఆ బుధవారం తాతయ్య మధ్యాహ్నమే కొట్టు కట్టేశాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. నాయనమ్మ వెళ్లిన కాసేపటికి గుడికి వెళ్లి, చివరి బల్ల మీద చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. పన్నెండేళ్ల మనవరాలు వెనక్కి తిరిగి చూసి నోరు తెరిచింది. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. నాయనమ్మ అప్పటికే కళ్లు మూసుకుని లేచి ఉంది.

“ప్రభువా, మా ఇంటాయన సంగతి నీకు కొత్త కాదు. నిన్న కూడా నా మీద కసిరాడు. మందు వేసుకోమంటే వినడు. ఆ రాతి గుండెను మెత్తబరచు.”

ఆమె ఆమెన్ అనేలోగా వెనక బల్ల కిర్రుమంది.

“ప్రభువా,” అన్నాడు తాతయ్య, గొంతు సవరించుకుని, “నాకు ఇదంతా అలవాటు లేదు. ఆమె చెప్పింది నిజమే గానీ సగమే. నేను కసరడానికి ముందు ఏం జరిగిందో కూడా కాస్త కనుక్కో. నా భూతద్దం తీసి పప్పుల డబ్బాలో పడేసింది. వెతికి వెతికి సగం రోజు పోయింది. ఆమెన్.”

నాయనమ్మ ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం ఆ సంఘం మొదటిసారి చూసింది. పాస్టరుగారు పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పుస్తకం తలకిందులుగా ఉంది.

ఇంటికి వెళ్లే దారంతా ఆమె నాలుగడుగులు ముందు నడిచింది. గేటు దగ్గర ఆగి, “ప్రార్థన చేస్తుంటే మధ్యలో మాట్లాడతారా ఎవరైనా?” అంది.

“నేను నీతో మాట్లాడలేదే. ఆయనతో మాట్లాడాను” అన్నాడు తాతయ్య.

ఆమె గేటు తోసుకుని లోపలికి వెళ్లి, పప్పుల డబ్బా మూత గట్టిగా బిగించింది.

ఆ తరువాత ఆయన ఏ బుధవారమూ మానలేదు. భక్తి కుదిరిందా అని అడిగితే, అవతలి పక్షం వకీలు లేకుండా కేసు నడవనివ్వకూడదు కదా అనేవాడు. మనవరాలు పెద్దదై, ఆసుపత్రి ల్యాబులో పనిచేసే అబ్బాయిని ఇష్టపడి, ఇంకా ఎవరికీ చెప్పొద్దని నాయనమ్మ చేత ఒట్టు వేయించుకుంది. ఆమె మాట తప్పలేదు. “ప్రభువా, నా మనవరాలు ఎవరికీ చెప్పొద్దన్న సంగతి నీకు తెలుసు. ఆ పెళ్లి సవ్యంగా జరిపించు” అంది. వెంటనే తాతయ్య లేచి, “కుర్రాడు మంచివాడే, ప్రభువా. వాచీ బాగుచేయించుకోవడానికి నా కొట్టుకొచ్చాడు. ల్యాబులో పని” అని మిగతాది పూర్తిచేశాడు. మనవరాలు ఆ గంటసేపూ బల్ల కిందకు దూరిపోతే బాగుండుననుకుంది. ఏడాది తిరక్కుండా పెళ్లయింది.

తాతయ్య చనిపోయిన వారం కూడా నాయనమ్మ బుధవారం కూడికకు వెళ్లింది. లేచి నించుంది. కళ్లజోడు తీసి కొంగున ముడివేసుకుంది. “ప్రభువా, ఆయన నీ దగ్గరికి వచ్చాడు. నువ్వే పక్కన కూర్చుని తినిపించు. పిలిస్తే వస్తాననే అంటాడు, రాడు” అంది. వెనక బల్ల వైపు ఒకసారి తిరిగి చూసి, అటు నుంచి ఏమీ రాకపోవడంతో, ఆమెన్ అని కూర్చుంది.

తొంభై ఒకటో ఏట, ఒక మధ్యాహ్నం మనవరాలు తల దువ్వుతుండగా, నాయనమ్మ చిక్కు మెల్లగా తియ్యమని విసుక్కుని, ఆ దువ్వెన కిందనే కన్నుమూసింది. సమాధుల తోటకు సంఘమంతా వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారికి ఆమె మంచం పట్టాకే తెలుసు. మృదుభాషిణి, మితభాషిణి అయిన తల్లి అని ఆయన మొదలుపెట్టగానే ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరుసలన్నిటికీ పాకింది. మూడు రోజులుగా కంటతడి పెట్టని మనవరాలు కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

అందరూ వెళ్తుండగా, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడిచే ఒక పెద్దాయన మనవరాలి దగ్గరికి వచ్చాడు. ఆమె ఎప్పుడూ చూడని మనిషి. లారీ డ్రైవరునని చెప్పుకున్నాడు. ప్రమాదం జరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చిరిగిన తన చొక్కా నాయనమ్మ కుట్టి ఇచ్చిందట. నడిచాక కబురు చెయ్యి, అందాకా ప్రార్థన ఆపను అందట. అతను ఆర్నెల్లకే నడిచాడు. బద్ధకంతో కబురు పెట్టకుండా నాలుగేళ్లు గడిపేశాడు. ఆ దారిన లోడు తీసుకెళ్తూ ఒకరోజు దుప్పట్ల గదికి వెళ్లి కనపడితే, నాలుగేళ్ల బుధవారాలు దండగ చేశావు కదరా, ఇంకెవరికైనా పనికొచ్చేవి అని ఆయాలందరి ముందూ వాయించిందట.

“నన్ను అంతలా తిట్టినవాళ్లు మళ్లీ లేరమ్మా” అన్నాడు.

మనవరాలు అతన్ని ఇంటికి రమ్మంది. ల్యాబులో పనిచేసే ఆమె భర్త టీ పెట్టాడు. లోడు ఆలస్యమవుతోందంటూనే ఆ పెద్దాయన రెండు కప్పులు తాగి, చీకటి పడే ముందు వెళ్లాడు.