పలక లేని మూడు నెలలు

అయ్యవారు పోయినారన్న సంగతి నాకు ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర తెలిసింది. బడికి పోతా ఉంటే, ఆదోని నుంచి వచ్చే మొదటి బస్సు దిగి మా బడి డ్రిల్లు మాస్టరు ఎదురొచ్చినాడు. మీ ట్రైనింగు స్కూలు అయ్యవారు నిన్న మధ్యాహ్నం కాలం చేసినారంట టీచరమ్మా అన్నాడు. పాఠం చెప్పి ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగినారంట, చెంబు తెచ్చేలోపల అయిపోయిందంట. సాయంత్రమే దహనం కూడా చేసేసినారంట. ఇంక నేను పోయి చేసేదేముంది? బడికి పోయి హాజరు పిలిచినాను. ఏడుపు మూడో రోజు వచ్చింది, జొన్నలు చెరుగుతా ఉంటే.

ఆయన దగ్గర చదువుకున్న టీచర్లు కొందరు నన్ను రాయమన్నారు. ఆయన గొప్పతనం గురించి రాయమన్నారు. గొప్పతనం సంగతి నాకు తెలీదు. నాకు తెలిసిన మనిషికి ఆదోనిలో జిన్నింగు మిల్లు పక్క సందులో ఇల్లు, భుజాల మీద ఎప్పుడూ కాస్త దూది నుసి, జేబు నిండా పాత కవర్లు చింపి చేసుకున్న చీటీలు. పిల్లోడిని ఏదైనా అడిగితే, అడిగి ఇంకో పక్కకు చూసేవారు. మనం కండ్లు పెట్టి చూస్తే పిల్లోడికి వచ్చింది కూడా పోతుందని ఆయన నమ్మకం. ట్రైనింగులో నాకు రెండేండ్లు చెప్పినారు. నేను ఎమ్మిగనూరులో ఒకటో తరగతి టీచరుగా చేరినాక కూడా వదల్లేదు.

ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి తెగి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలు అవి. మా బడి మగ్గాల వీధిలో ఉంది. ఒకటో తరగతిలో సగానికి పైగా నేతగాళ్ళ పిల్లలు. వాళ్ళకు ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. చేరిన రోజే పలక చేతిలో పెట్టి అ ఆ దిద్దించేవాళ్ళం. దిద్దేవాళ్ళు, పాపం. ఏం దిద్దుతున్నారో వాళ్ళకు తెలీదు, అది వాళ్ళకు తెలీదని మాకు పట్టదు. ఏడాది తిరిగేసరికి సగం మంది బడి మానేసి, ఇంట్లో మగ్గం పక్కన నూలు కండెలు చుట్టుకుంటా కూచునేవాళ్ళు. ఇది టీచర్లందరం చూస్తున్నదే. చూసి ఊరికే ఉండలేకపోయింది అయ్యవారొక్కరే.

ఒక ఆదివారం ఐదుగురు టీచర్లను ఇంటికి పిలిపించుకున్నారు. దీని మీద ఒక పరిశోధన చేద్దాం, ముందు ప్రశ్న ఏందో చెప్పండి అన్నారు. పరిశోధన అనే మాట వింటేనే మాకు నవ్వొచ్చింది. అది మద్రాసులో పెద్ద చదువులోళ్ళు చేసే పని అనుకునేవాళ్ళం. నేనే ధైర్యం చేసి, పిల్లలకు తెలుగు బాగా రావాలంటే ఏం చేయాల అన్నాను.

"అది ప్రశ్న కాదమ్మా, కోరిక" అన్నారు.

ఆ కోరికను కోసి కోసి ప్రశ్నగా చేసేదానికి మూడు ఆదివారాలు పట్టింది. చివరికి ఇంత మిగిలింది: ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లోడికి మొదటి రోజే పలక ఇస్తే తెలుగు బాగా వస్తుందా, లేకుంటే మూడు నెలలు పలక లేకుండా ఉత్త మాటలే మాట్లాడించి, ఆమీదట అక్షరాలు పెడితే బాగా వస్తుందా? ఇంతేనా అనిపించింది నాకు.

తెలుగు వచ్చిందని ఎట్ల తెలుసుకుంటాం అని తర్వాత అడిగినారు. పాఠం గడగడా చదివితే వచ్చినట్టే కదా అన్నాను. ఆయన ఆ వారంలోనే మా బడికొచ్చి, నా తరగతిలో అందరికంటే గడగడా చదివే పిల్లను పిలిచి, పుస్తకం తలకిందులుగా చేతికిచ్చినారు. ఆ తల్లి తలకిందుల పుస్తకం మీదే వేలు జరుపుకుంటా పాఠమంతా అప్పజెప్పింది. ఆయన నవ్వలేదు. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అందుకని పరీక్ష వేరేగా కట్టినాం. పుస్తకంలో లేని చిన్న చిన్న పనులు చీటీల మీద రాసిస్తాం. తలుపు వెయ్యి అని చీటీలో ఉంటే, పిల్లోడు అది చదువుకొని లేచి తలుపు వేస్తే చదువు వచ్చినట్టు. బుట్టలోంచి జొన్న కంకో, నూలు కండెనో తీసి చూపిస్తే, దాని గురించి తెలుగులో ఎన్ని మాటలు కలిపి చెప్తాడో రాసుకుంటాం. పరీక్ష చేసే సారు ఆలూరు నుంచి రావాల, ఏ బడిలో ఏ పద్ధతో ఆయనకు తెలియకూడదు. అయ్యవారు ఆ రోజు ఆ దరిదాపులకు కూడా రాకూడదు. ఏ బడికి ఏ పద్ధతి అన్నది చీటీ తీసి తేల్చినారు. పలక లేని పద్ధతి మా బడికొచ్చింది. పలక పద్ధతి ఆదోనిలో కన్నడం పిల్లలుండే ఇంకో బడికి పోయింది.

ఆ మూడు నెలలు నేను పడిన పాట్లు నాకే తెలుసు. పలక లేకుండా బడేందని ఒక అవ్వ నా మీదికి కొట్లాటకే వచ్చింది. మా హెడ్మాస్టరు రోజూ కిటికీలోంచి తొంగిచూసి, ఆటలు అయిపోయినాయా అని అడిగేవాడు. అయ్యవారు నెలకొకసారి వచ్చేవారు. బస్టాండు హోటల్లో ఉగ్గాని తిని, నేరుగా తరగతికొచ్చి, వెనకాల నేల మీద పిల్లల మధ్యన కూచొని ఒక్కొక్కరి గురించి నోటుబుక్కులో ఒక వరస రాసుకునేవారు. నన్నూ రాయమనేవారు. "నీకు తెలిసింది రాయొద్దమ్మా, చూసింది రాయి" అనేవారు. ఈ రెండిటికీ తేడా ఏందో నాకు చాన్నాళ్ళు తలకెక్కలేదు.

మార్చి నెలాఖరులో పరీక్ష. ముందురోజు మా హెడ్మాస్టరు పిలిచి, పిల్లల్ని సర్దినావా అని అడిగినాడు. సర్దడమంటే ఏందో మా బళ్ళలో పనిచేసినోళ్ళకు చెప్పక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు మొద్దుపిల్లల్ని ఇంటి దగ్గరుండమని చెప్పి, పై తరగతి నుంచి చురుకైనోళ్ళను తెచ్చి వాళ్ళ పేర్లతో కూచోబెడతాం. పండగ ముందు ఇల్లు అలుక్కున్నట్టే, అదొక తప్పనే అనిపించదు. నేనూ సర్దినాను. నోరు విప్పని నలుగురిని రావద్దన్నాను. వాళ్ళ పేర్లకు రెండో తరగతి పిల్లలు నలుగురు పలికినారు. అలవాటు కొద్దీ చేసినానంటే సగమే నిజం. పలక లేని పద్ధతితో అయ్యవారు గెలవాలని నాకు గట్టిగా ఉండింది.

గెలిచినారు కూడా. మా బడి ఆదోని బడిని ఎక్కడికో దాటేసింది. ఆ కాగితాలు జిల్లా విద్యాశాఖకు పోతే, జూన్ నుంచి ఈ రెండు తాలూకాల్లో కన్నడం పిల్లలకు మొదటి మూడు నెలలు పలక పెట్టకుండా ఉత్తర్వు వచ్చేటట్టుంది. అధికారి నోటిమాటగా సరేనన్నాడంట. అయ్యవారు అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. పంపే ముందు, అలవాటు ప్రకారం, తన నోటుబుక్కూ పరీక్ష కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని చూసుకున్నారు.

మర్నాడు పొద్దున బస్సుకే వచ్చినారు. వెనకాల కూచొని, నేను రావద్దన్న నలుగురిలో ఒకడు, ఈరన్నను పిలిచినారు. పరీక్ష కాగితంలో ఈరన్న నూలు కండె గురించి ఆరు మాటలు చక్కగా చెప్పినట్టుంది. ఇప్పుడు కండె చూపిస్తే మా ఈరన్న నేల చూపులు చూసినాడు. పరీక్ష రోజు యాడున్నావు నాయనా అని ఆయన మెల్లగా కన్నడంలో అడిగినారు. ఇంట్లోనే ఉన్నాను, టీచరమ్మ రావద్దన్నింది అని వాడు కన్నడంలోనే చెప్పినాడు.

ఇద్దరం వరండాలోకి వచ్చినాం. ఎందుకమ్మా అన్నారు. తనిఖీ అంటే ఎప్పుడూ అంతే కదా అయ్యవారూ అన్నాను. ఆయన నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నారు.

"తప్పు ప్లానులో ఉందమ్మా. పిల్లల భయం ఆలోచించినా గానీ, నీ భయం ఆలోచించలేదు."

ఒక్క తిట్టు తిట్టింటే నాకు బాగుండేది.

ఈ సంవత్సరం ఫలితాలు పనికిరావు, పరిశోధన కట్టడంలోనే లోపముంది, ఇంకో ఏడాది కావాల అని ఆయన విద్యాశాఖకు రాసినారు. నా పేరు ఎక్కడా లేదు. అధికారి చిరాకు పడినాడు, ఉత్తర్వు మూల పడింది. ట్రైనింగు స్కూల్లో తోటివాళ్ళు పరిశోధన ఎంతవరకు వచ్చింది స్వామీ అని ఎకసెక్కాలాడినారు. జూన్‌లో ఊర్లలో మళ్ళీ పిల్లల చేతికి పలకలొచ్చినాయి. అందులో ఎంతమంది బడి మానేసినారో నేను అడగలేదు. అది నా వల్లనే అని ఇప్పుడు కూడా అనుకుంటాను.

ఇంక నన్ను దూరం పెడతారనుకున్నాను. పది రోజులకు కార్డు రాసినారు, ఆదివారం రమ్మని. రెండో ప్లాను నాతోనే రాయించినారు. నేనెందుకు అయ్యవారూ అంటే, పరీక్షలో యాడ యాడ మోసం చేయొచ్చో నీకంటే తెలిసినోళ్ళు నాకు దొరకరు కదా అని నవ్వినారు. నిజమే, ఒక్కొక్కటే గుర్తు చేసుకొని రాసినాను. రిజిస్టరులో ఉన్న ప్రతి పిల్లోడూ పరీక్షకు కూచోవాల. రానోడి ఇంటికి మర్నాడు ఆలూరు సారే పోవాల. ఈ పరీక్షతో టీచరుకు మంచీ లేదు, చెడ్డా లేదని హెడ్మాస్టర్లు సంతకం పెట్టాల. పరీక్ష జరిగేటప్పుడు టీచరు వరండాలో ఉండాల, అయిందాకా లోపలికి పోకూడదు, ఒక్క మాట చెప్పకూడదు. ఈ చివరిది రాసేటప్పుడు నా వల్ల అవుతుందా అని ఆయన అడిగినారు. అవుతుందన్నాను.

ఆ రెండో ఏడు కూడా మా బడికి పలక లేని పద్ధతే. ఆయన పోయిన పదిహేను రోజులకు దాని పరీక్ష వచ్చింది. ఆలూరు సారు వచ్చినాడు. రిజిస్టరులో ఉన్నోళ్ళంతా వచ్చినారు, ముక్కు కారేవాళ్ళు, కూచున్నచోట నిద్రపోయేవాళ్ళు, అందరూ. సుంకన్న అని ఒకడున్నాడు, కొత్త మనిషిని చూస్తే బిగుసుకుపోతాడు. వాడి పేరు పిలిచినారు. లోపలికి పోయినాడు. నేను వరండాలో నిలబడినాను. చాలాసేపు లోపల నుంచి ఏమీ వినపడలేదు. తర్వాత ఇంకో పేరు పిలిచినారు.

సుంకన్న బయటికొచ్చి నా కొంగు పట్టుకున్నాడు.

"ఆ సారు మంచోడే టీచరమ్మా. నాకే భయమైంది. చీటీ మళ్ళా ఒకసారి ఇయ్యమని అడగల్లనుకున్యా, నోరు రాలేదు."

తెలుగులో చెప్పినాడు, ఒక్క కన్నడం మాట లేకుండా. నేను అడగను కూడా అడగలేదు, వాడంతట వాడే చెప్పినాడు. లోపలికి పోయి ఒక్క మాట చెప్పింటే ఆలూరు సారు వాడిని మళ్ళీ పిలిచేవాడే. గుమ్మం దాకా పోయినాను కూడా. పోయి వెనక్కొచ్చినాను. కాగితంలో వాడికి సున్నలు పడినాయి, అట్లే పోయినాయి. రెండు బళ్ళకూ తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు. అదీ ఉన్నదున్నట్టే పంపినాం.

ఆ రోజు సుంకన్న మాటలు వినంగానే నాకు మొదట తోచింది, ఆదివారం పోయి అయ్యవారికి చెప్పాలని. కాగితానికి అందని తెలుగు ఒకటి వరండాలో వినపడింది అయ్యవారూ, దీన్ని ఎట్ల పట్టుకోవాల అని అడగాలని. ఏ బస్సుకు పోవాలో కూడా అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన లేరని.

సుంకన్న నా కొంగు వదిలేసి మెట్ల మీద కూచున్నాడు. పక్కన తన వంతు కోసం ఒక చిన్న పిల్ల కూచొనుంది. లోపల బుట్టలో ఏమేమున్నాయో, ఆ సారు ఎట్ల కూచుంటాడో, ఎందుకు భయపడకూడదో, చేతులు ఊపుకుంటా ఆ పిల్లకు తెలుగులో చెప్తా ఉన్నాడు.