రంగులద్దిన హత్య సినిమా, మా మామ నేసిన చీర

గద్వాలలో మగ్గం నేసే మా మేనమామకు జీవితంలో ఒకే ఒక్క గొప్ప ఉండేది. ఒక పాత నలుపు-తెలుపు సినిమాలో హత్య చేసిన ఆడమనిషి కట్టుకున్న చీర ఆయన నేసిందట. పెండ్లి కాకముందు, మీసం సరిగ్గా మొలవకముందు నేసిన చీర. ఒంటికి మామిడిపండు రంగు, అంచుకు వంకాయ రంగు. చీరలు నేయించుకునే సేటు దాన్ని మద్రాసుకు పంపితే సినిమావాళ్లు ఎగబడి కొన్నారట.

ఈ కథను మామ నలభై ఏళ్లలో నలభై లక్షల సార్లయినా చెప్పి ఉంటాడు. పాలు పోసేవాడికి చెప్పాడు. కరెంటు మీటరు చూడవచ్చినవాడికి చెప్పాడు. దారి అడగడానికి ఆగిన లారీ డ్రైవరుకు కూడా చెప్పాడు. కథ అయ్యేసరికి ఆ డ్రైవరు కర్నూలు పోవలసిన సంగతి మరిచి రాయచూరు పోయాడని వీధిలో ఇప్పటికీ అనుకుంటారు.

అందరూ నమ్మారు, లేదా నమ్మినట్టు తలూపి తప్పించుకున్నారు. నమ్మనిది ఒక్క మా అత్తే. ఆమె సినిమా చూసింది మరి.

"చీరె నలుపు, కోటు నలుపు, కారు నలుపు, ఆఖరికి వాన గూడ నలుపే. అండ్ల నీ మామిడిపండు నాకు యాడ కనవడ్డదయ్యా?" అనేది.

తప్పు అత్తది కాదు, ప్రింటుది. సినిమాలో అసలు సాక్ష్యం ఆ చీర అంచే. కారు తలుపులో ఇరుక్కుని చిరిగిన అంచు ముక్కను ఇన్‌స్పెక్టర్ భూతద్దం పెట్టి చూస్తాడు. తెర నిండా అంచే. మామ గొప్పంతా ఆ ఒక్క షాటు మీద నిలబడి ఉంది. కానీ గద్వాలకు చేరేసరికి ఆ ప్రింటు ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎన్ని గీతలు పడ్డాయో, ఇన్‌స్పెక్టర్ ఆఫీసు లోపల కూడా జోరువాన. ఆయన భూతద్దం ఎత్తాడో లేదో రీలు పుటుక్కున తెగింది. మళ్లీ అతికించేసరికి హంతకురాలు జైల్లో ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో నేను పాన్‌గల్‌లో బడిపంతులుని. పాత సినిమాలకు రంగులు వేసి కొత్తగా వదులుతున్నారని పేపర్లో చదివి, ఆదివారం గద్వాల పోయినప్పుడు మామ చెవిన వేశాను. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి పోగు విసిరే నాడె వదిలేసి అలాగే లేచి నిలబడ్డాడు.

"రంగు ఏసుడేంది అల్లుడా! రంగు ముందుగాల్నే అండ్ల ఉంటది. పైన మసి లెక్క నలుపు పట్టి ఉంటది. దాన్ని కడిగి తీసిండ్రు గావచ్చు. మనం పట్టు ఉడకబెట్టి జిగురు తీస్తలేమా? గట్లనే."

నాకు తెల్వదు అనొచ్చు. కానీ పంతులును కదా, ఆ మాట నోట్లోంచి రాదు. "అదే మామా, సైన్సులో దాన్నే అంటరు," అని గంభీరంగా తలూపాను. ఏమంటారో మామ అడగలేదు, నా అదృష్టం.

ఆ మాట వాకిట్లో కండెలకు నూలు చుడుతున్న అత్త చెవిన పడింది.

"సరే, కడిగిండ్రు. మామిడిపండు రంగు రాకుంటే?"

"రాకుంటే బతికినన్నాళ్లు మళ్ల ఆ చీరె ముచ్చట ఎత్తను!" అన్నాడు మామ, పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, మూల మీద టీకొట్టువాళ్లు అందరూ వినేంత గట్టిగా.

ఆ కథ తీసేస్తే మామలో మిగిలేది ఒక బనియను, ఒక లుంగీ.

సీడీ కోసం వనపర్తిలో దుకాణాలన్నీ గాలించాను. చివరికి నాగర్‌కర్నూల్ బస్టాండు పక్కన, అగ్గిపెట్టెను నిలువుగా కోసినట్టున్న దుకాణంలో దొరికింది. దుకాణం నడిపే భాయ్ అట్ట మీద దుమ్ము ఊది చేతికిచ్చాడు.

"కలర్లదే కదా భాయ్?"

"పక్కా కలర్ సార్. అసలు మనుషులకు గూడ అంత కలర్ ఉండదు."

"దీన్ని ఎట్ల కడుగుతరంటవు?"

భాయ్ నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "కడుగుడేంది సార్, గిదేమన్న గిన్నెనా? కంప్యూటర్ ముంగట కూసొని రంగులేస్తరు. వాళ్లకు ఏది మంచిగ అనిపిస్తే గది."

"అప్పుడు చీర నిజంగా ఏ రంగున్నదో..."

"వాళ్లకెట్ల తెలుస్తది సార్? జర ఎర్రది, జర పచ్చది ఏసి వదుల్తరు. మీరెందుకు గింత పరేషాన్ అయితున్నరు?"

వనపర్తి బస్సులో, అక్కడి నుంచి గద్వాల బస్సులో ఆ సీడీ నా ఒళ్లో బాంబులా కూర్చుంది. కృష్ణ వంతెన మీద కిటికీలోంచి విసిరేద్దామని చెయ్యి బయట పెట్టాను కూడా. ఎవరికో టాటా చెబుతున్నాననుకుని వెనక సీటు పిల్ల నాకు తిరిగి టాటా చెప్పింది. చెయ్యి లోపలికి తీసుకున్నాను. భాయ్ చెప్పింది మామకు చెప్పే ధైర్యమూ రాలేదు.

ఆదివారం పగలు అన్నాలు తిన్నాక ఆట. మామ ఇంట్లో నలుగురు కూర్చోగల గదిలో నాకు తెలిసి గద్వాల జనాభాలో సగం ఉంది. మగ్గం గుంటలో ముగ్గురు దిగారు. మామ తెల్లచొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకుని పెండ్లికొడుకులా ముందు కూర్చున్నాడు. అత్త కావాలనే వెనక్కి, తలుపు దగ్గర కూర్చుంది.

సినిమా మొదలైంది. అబ్బబ్బ, ఏం రంగులు! ఇన్‌స్పెక్టర్ మొహానికి పసుపు, పెదవులకు తమలపాకులు నమిలిన ఎరుపు. విలను కోటు నీలం. అతను నడుస్తుంటే నీలం ఒకడుగు వెనక నడిచి వస్తోంది. భయం పుట్టించాలని పాపం చీకటిలో తీసిన సందులన్నీ ఇప్పుడు బంతిపూల మండపాల్లా ఉన్నాయి. పొగమంచులోంచి హంతకురాలు వచ్చింది. ఒళ్లంతా చిలకపచ్చ. అంచు గులాబీ.

అందరూ తెర వదిలి మామను చూశారు. మామ తెరను చూస్తూనే ఉన్నాడు. ఇంతలో సినిమాలో సాక్షి ఇన్‌స్పెక్టర్‌తో వణుకుతూ, నల్లచీర కట్టుకున్న మనిషిని చూశానన్నాడు. పోలీసులు నల్లచీర కోసం ఊరంతా వెతకడం మొదలుపెట్టారు. చిలకపచ్చ చీర వాళ్ల ముందు నుంచే నడిచిపోతోంది.

"కండ్లు కనవడ్తలేవా వీళ్లకు!" అని ఎదురింటి ముసలమ్మ లేచి టీవీకే వేలు చూపించింది. "గదిగో పోతుంది, పట్టుకోండ్రి!"

గది పగలబడి నవ్వింది. మగ్గం గుంటలో ఒకాయనకు పొలమారి వీపు చరచాల్సి వచ్చింది. మామ ఒక్కడే నవ్వలేదు. భూతద్దం సీను వచ్చింది. తెర నిండా అంచు పరుచుకుంది. దాని మీద గోడకు సున్నం కొట్టినట్టు గులాబీ రంగు కొట్టి ఉంది. మామ మెల్లగా కండువా తీసుకుని లేచాడు.

"అయిపోయింది. ఇగ ఆ ముచ్చట ఎత్తను," అన్నాడు.

"ఆగు," అంది అత్త.

తలుపు దగ్గరి నుంచి జనాన్ని దాటుకుంటూ ముందుకు వచ్చింది. నాతో అంది: "అల్లుడా, కడిగి తీసిండ్రంటే అవునంటివి గద. ఈ పెంట రంగు గూడ కడిగి తీయి."

నాకు బుర్ర వెలిగింది. రిమోట్ తీసుకుని టీవీలో రంగు తగ్గిస్తూ పోయాను. గులాబీ పలచబడింది, బూడిదైంది, పోయింది. బొమ్మ వెనక్కి తిప్పి, ఇన్‌స్పెక్టర్ చేయి దగ్గర ఆపాను. నలుపు తెలుపుల్లో అంచు మీది కోటకొమ్మలు, గుడి గోపురాల్లా నిలబడే ఆ మొనలు, ఒక్కొక్కటీ తేలాయి.

అత్త టీవీకి ముక్కు ఆనించినంత దగ్గర కూర్చుని, వేలు పెట్టి లెక్కపెట్టింది. ఎనిమిది మొనలు సమానంగా ఉన్నాయి. తొమ్మిదోది పొట్టిది. మళ్లీ ఎనిమిది. మళ్లీ పొట్టిది.

"బీడీ కొమ్మ!" అని అరిచింది.

మామ ఎనిమిది కొమ్మలు నేసి ఒక బీడీ పీలుస్తాడు. పీల్చాక నేసే కొమ్మ తొందరలో ఒక పోగు పొట్టిదవుతుంది. కొత్తకోడలుగా వచ్చిన రోజు నుంచి ఆ పొట్టి కొమ్మ గురించే ఆయనను తిడుతున్నానని అత్త మా అందరికీ చెప్పింది. "గీ తప్పు మొత్తం గద్వాలల ఇంకోడు చెయ్యడు. గిది ఈయన చెయ్యే!"

మామ కండువా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. తప్పు దొరికినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను నా సర్వీసులో చూడలేదు. గదిలో ఈలలు వేశారు. ముసలమ్మ మాత్రం ఇంకా హంతకురాలిని పట్టుకోలేదేమని అడుగుతోంది.

"అయితే," అంది అత్త చప్పట్లు ఆగాక, "ఎవతెకో కోటలసొంటి చీరె నేసినవ్. నాకు నలభయ్యేండ్ల సంది ఒక్కటి నేసినవా?"

"నేస్త! మామిడిపండు ఒంటికి, వంకాయ అంచు..."

"గది వద్దు. సినిమాల ఉన్నదే కావాలె. చిలకపచ్చ, గులాబీ."

"గది కంప్యూటరోని రంగే!"

"ఎవనిదైతేంది? మంచిగున్నది."

మామ మూడు వారాలు గొణుక్కుంటూ ఆ చీర నేశాడు. అత్త దాన్ని అయిజలో ఒక పెండ్లికి కట్టుకుపోతే, పెండ్లికూతురి వైపు చూసినవాళ్లు తక్కువ. ఏ దుకాణంలో తీసుకున్నావని ఆడవాళ్లు చుట్టూ మూగారు. మామ గొంతు సవరించుకున్నాడు. హక్కు గెలిచిన మనిషి కదా.

"అదొక సినిమా..." అని మొదలుపెట్టాడు.

"నీకు చెప్పుడు రాదు, ఊకో," అని అత్త కుర్చీ ముందుకు లాక్కుంది. "ఒక ఇన్‌స్పెక్టర్ ఉంటడు. వాని చేతిల భూతద్దం..."